దాపటి చెయ్యి

కుడిచేత్తో పని చేసేవాళ్లకి మన భాషలో ప్రత్యేకంగా ఒక పేరంటూ లేదు. వాళ్లు మనుషులు, అంతే. ఎడం చేత్తో చేసేవాళ్లకి మాత్రం పేర్లకి కొదవ లేదు. పుర్రచెయ్యి, ఎడంచేతివాటం, ఈమధ్య కొత్తగా లెఫ్టీ. మా నాయనమ్మ ఇవేవీ చాలవన్నట్టు నా చేతికి ‘సూర్యకాంతం చెయ్యి’ అని పేరు పెట్టింది. 1962లో ‘గుండమ్మ కథ’ వచ్చాక ఆ చెయ్యి తెలియని తెలుగు ఇల్లు లేదు కదా! కుడిచెయ్యి నడుం మీద పెట్టుకుని, ఎడం చెయ్యి విసురుతూ ఆవిడ గదమాయిస్తుంటే హాలు హాలంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్నే. కానీ ఇంటికొచ్చాక ఏ చెంబో గ్లాసో ఎడం చేత్తో అందుకున్నానంటే, “అదిగో, గయ్యాళి బయల్దేరింది” అనేది నాయనమ్మ. బయట సూర్యకాంతం గారు షూటింగులకి ఇంటి నుంచి వంటకాలు తెచ్చి అందరికీ కడుపు నిండా పెట్టే మనిషని తర్వాతెప్పుడో చదివాను. అప్పటికి నాయనమ్మ లేదు, చెప్పి దెబ్బలాడటానికి.

ఏటా ఆగస్టు 13 వచ్చిందంటే నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఆ రోజు ఎడంచేతివాళ్ల దినోత్సవం. 1976 నుంచీ జరుపుతున్నారట. మా తమ్ముడు పొద్దున్నే ఒక జాబితా పంపుతాడు: అమితాబ్ బచ్చన్, రతన్ టాటా, ఒబామా, బ్యాటు కుడిచేత్తో పట్టినా సంతకం ఎడం చేత్తో పెట్టే సచిన్. గాంధీగారి పేరు కూడా ఉంటుంది. 1909 నవంబరులో ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికా వెళ్తూ ఓడలో ఆయన ‘హింద్ స్వరాజ్’ రాశారు. కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడం చేత్తో రాసేవారట. అలా రాసినవే నలభై పేజీల దాకా ఉన్నాయి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ జాబితాలతో నాకొక పేచీ ఉంది. గొప్పవాళ్లయ్యారు కాబట్టి ఎడం చెయ్యి ఫరవాలేదన్నట్టు ఉంటాయవి. మరి గొప్పవాళ్లు కానివాళ్ల సంగతి? నేను ఒక బ్యాంకులో క్యాష్ కౌంటర్లో ఉద్యోగం చేసి రిటైరై, భవానీపురంలో కాపురముంటున్న మామూలు మనిషిని. నా చేతికి ఏ ఒబామా సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

ఈ విషయం ఇప్పుడు రాయడానికి కారణం మా మనవరాలు. మా అమ్మాయి కూతురు. మూడేళ్లు నిండాయి. ఏ వస్తువు అందించినా ఎడం చెయ్యే ముందుకొస్తుంది. బంతి, చెంచా, స్కెచ్ పెన్ను, ఆఖరికి చెంపదెబ్బ కూడా ఎడం చేత్తోనే. దసరాల్లో మూలా నక్షత్రం రోజు అక్షరాభ్యాసం చేద్దామని పెద్దవాళ్లం అనుకున్నాం. ఆ మాటలు జరుగుతుండగానే గుడివాడ నుంచి మా వియ్యపురాలు ఫోన్ చేశారు.

“వదినగారూ, పలక పట్టకముందే ఆ అలవాటు మాన్పించాలి. ముదిరిందంటే మానదు. ఆడపిల్ల కదండీ.”

ఆవిడ చెడ్డది కాదు. పిల్లంటే ప్రాణం. అయినా ఆ ‘మాన్పించాలి’ అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. వేలు చప్పరించడం మాన్పిస్తాం, మట్టి తినడం మాన్పిస్తాం. చెయ్యిని ఎలా మాన్పిస్తాం?

నాకు మాన్పించారు. అది ఎలాగో చెప్తాను.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. బళ్లో వేసిన కొత్తలో బలపం ఎడం చేత్తో పట్టేదాన్ని. తెలుగు ఎడమ నుంచి కుడికి రాస్తాం కాబట్టి, అక్షరం పెట్టగానే నా అరచెయ్యి దాని మీదుగా పోయి తుడిచేసేది. అ రాసి ఆ దగ్గరికి వచ్చేసరికి అ ఉండేది కాదు. మాస్టారు వచ్చి చూస్తే ఖాళీ పలక, తెల్లటి చెయ్యి. రాయలేదని ఒక దెబ్బ, ఎడం చేత్తో రాసినందుకు ఇంకో దెబ్బ, వేళ్ల కణుపుల మీద. ఇంటి దగ్గర అమ్మ పాత లంగా గుడ్డతో చిన్న సంచి కుట్టి, ఎడం చేతికి తొడిగి మణికట్టు దగ్గర ముడేసేది. పాపం, ఆవిడ భయం ఆవిడది. రేపు పెళ్లిచూపుల్లో ఎవరైనా చూస్తే? అత్తారింట్లో పేరంటాళ్లకి ఈ చేత్తో బొట్టు పెడితే? ఏడాది తిరిగేసరికి రాత కుడిచేతికి మారింది. అన్నం అంతకుముందే మారింది. మిగిలినవన్నీ, అంటే చీపురు, చెంబు, పూలు కోయడం, కవ్వం తిప్పడం, ఎడం చేతి దగ్గరే ఉండిపోయాయి. ఇప్పటికీ నా రాత కోడి కెలికినట్టుంటుంది. సగం పనులకి ఏ చెయ్యి ముందుకు రావాలో రెండు చేతులూ ఒక్క క్షణం తటపటాయిస్తాయి.

నాకు ఇప్పటికీ వింతగా అనిపించేది మా నాన్న సంగతి. మా ఇంట్లో ఒక జత ఎద్దులుండేవి. అరకకి గానీ బండికి గానీ కట్టేటప్పుడు ఎడం పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్కది ఎలపటెద్దు. దాపట అలవాటైన ఎద్దుని ఎలపట కడితే సరిగ్గా నడవదు. మెడ తిప్పుకుంటుంది, కాడిని లాగుతుంది, చాలు వంకర పోతుంది. అందుకే ఎద్దుల బేరంలో పళ్లు లెక్కపెట్టడం ఎంత ముఖ్యమో, “ఇది దాపటదా, ఎలపటదా?” అని అడగడం అంత ముఖ్యం. దాపటెద్దుకి ధర తగ్గించి ఇమ్మని ఎవరూ అడగరు. దాన్ని కొట్టి ఎలపటకి మార్చాలనీ ఎవరూ అనుకోరు. పక్క తప్పు కట్టాడని పాలేరుని మా నాన్న కేకలేయడం నాకు గుర్తుంది. అంత తెలిసిన మనిషి, నా చేతికి సంచి కట్టి ఉంటే చూసీ చూడనట్టు పొలానికి వెళ్లిపోయేవాడు. ఎద్దుల సంగతి ఆయనది, ఆడపిల్లల సంగతి అమ్మది. ఆ రోజుల్లో పనులు అలా పంచుకుని ఉండేవి.

భోజనాల దగ్గర మన పద్ధతి ఒకటి ఉంది చూడండి, అది ఆలోచించిన కొద్దీ నాకు తమాషాగా ఉంటుంది. ఎడం చెయ్యి మైలది, దాంతో తినకూడదు. సరే. కుడిచేత్తో కలుపుకుని తింటాం. అప్పుడు ఏ చెయ్యి ఎంగిలిది? కుడిది. అందుకని మంచినీళ్ల గ్లాసు ఎత్తేది ఎడం చేత్తో. కూరగిన్నెలో గరిటె పట్టుకునేది ఎడం చేత్తో. పక్కవాళ్లకి నెయ్యి వడ్డించేదీ ఎడం చేత్తోనే. అంటే విస్తరి ముందు కూర్చున్నంతసేపూ ఇల్లంతటికీ శుద్ధమైన చెయ్యి ఎడమదే! ఈ మాట అమ్మతో అంటే, “నోరు మూసుకుని తిను” అంది. ఆవిడ దగ్గర జవాబు లేనప్పుడల్లా అదే జవాబు.

అయితే బంతి భోజనాల్లో అసలు ఇబ్బంది శుద్ధీ మైలా కాదు, మోచెయ్యి. వరసలో అందరూ కుడిచేత్తో తింటుంటే మధ్యలో ఒకళ్లు ఎడం చేత్తో మొదలుపెడితే పక్కవాళ్ల మోచేతికి తగులుతుంది, పప్పుచారు ఒలుకుతుంది. దీనికి మందు చెయ్యి మార్చడం కాదు, చోటు మార్చడం. ఎడంచేతివాళ్లని వరసలో ఎడమ కొసన కూర్చోబెడితే గొడవే లేదు. ఇంత చిన్న ఉపాయం నాకు ముప్ఫయ్యేళ్లు దాటాక ఒక పెళ్లిలో వడ్డించే ఆయన చెప్పాడు. ఎన్ని బంతులు చూసి ఉంటాడో!

పెళ్లిచూపుల గండం మాత్రం తేలిగ్గానే గడిచింది. కాఫీ ట్రేకి రెండు చేతులూ కావాలి కదా. పెళ్లయిన నెలకి మా ఆయన గమనించారు, క్యారమ్స్ ఆడుతుండగా. బోర్డు మీద తను బుర్ర గోక్కునే మూలకి నేను సులువుగా కొట్టేస్తున్నాను. “నువ్వు ఎడం చేత్తో కొడుతున్నావా!” అన్నారు. అని, జట్టులో ఎప్పుడూ నన్నే కోరుకోవడం మొదలుపెట్టారు. మా కాపురంలో ఆ చేతి మీద వచ్చిన చర్చ అంతే.

బ్యాంకులో అంత తేలిగ్గా గడవలేదు. మన భాషలో ‘చేతివాటం’ అంటే ఇంకో అర్థం ఉందని మీకు తెలుసు. క్యాష్ కౌంటర్లో కూర్చున్న మనిషి, “నాది ఎడంచేతివాటమండీ” అని చెప్పుకోవడం ఎంత ఇరకాటమో ఊహించుకోండి. చేరిన రోజు ఆ మాట అంటే మా హెడ్ క్యాషియర్ గారు, “ఏ చేతిదైనా సరే, ఇక్కడ వాటం పనికిరాదమ్మా” అన్నారు. అందరూ నవ్వారు.

మామూలుగా నోట్ల కట్ట ఎడం చేత్తో పట్టుకుని కుడి బొటనవేలితో లెక్కపెడతారు. నాకు అది తిరగేసి వచ్చేది. వేగంలో ఎవరికీ తీసిపోలేదు. చిక్కల్లా లెక్కపెట్టాక. ఎడం చేతిలో ఉన్నది అలాగే చాపితే అవతలివాళ్లు తీసుకోరు. ముఖ్యంగా శుక్రవారం. “లక్ష్మమ్మా ఆ చేత్తో ఇచ్చేది?” అనేవాళ్లు. వన్ టౌన్ కాళేశ్వరరావు మార్కెట్లో వ్యాపారాలు చేసుకునేవాళ్లయితే మరీను. బోణీ కాకముందు బ్యాంకుకొచ్చి ఎడం చేతి డబ్బు తీసుకెళ్లాలంటే వాళ్లకి గుండె గుభేలుమనేది. నేను మార్కెట్‌కి వెళ్లినా అంతే. పొద్దున్నే బోణీ బేరానికి మరిచిపోయి ఎడం చేత్తో నోటు చాపానంటే, తోటకూర కట్ట చేతిలో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయేది కూరలమ్మాయి. అందుకని లెక్క ఎడం చేత్తో, ఇవ్వడం కుడిచేత్తో అని ఒక పద్ధతి పెట్టుకున్నాను. రోజుకి ఎన్ని వందలసార్లు చేతులు మార్చి ఉంటానో నాకే తెలియదు.

ఒకసారి రద్దీలో మరిచిపోయి అలాగే చాపాను. అవతల ఉన్నాయన ముఖం చిట్లించి నిలబడ్డారు. ఆయన వెనక పెన్షన్ కోసం వచ్చిన ముసలాయన ఒకరు ముందుకి వంగి, “పుచ్చుకోవయ్యా, కర్ణుడు ఇచ్చిందీ ఆ చేత్తోనే” అన్నారు. కథ మనందరికీ తెలిసిందే. కర్ణుడు తలంటుకోబోతూ రత్నాల గిన్నె ఎడం చేత్తో పట్టుకుని ఉంటాడు. కృష్ణుడొచ్చి అడిగితే అలాగే ఇచ్చేస్తాడు. కుడిచేతికి మార్చుకునేలోపు మనసు మారిపోతే? ఆ గిన్నె సంగతి నేనూ చిన్నప్పుడు విన్నదే. కానీ కౌంటర్ అవతల నుంచి నా తరపున ఒకరు చెప్పడం అదే మొదటిసారి. క్యూలో వాళ్లంతా నవ్వారు, ఆయనా డబ్బు తీసుకున్నారు.

ఇవి నమ్మకాల గొడవలు. వస్తువుల గొడవ వేరే ఉంది. అది ఎవరూ పట్టించుకోరు. కత్తెర తీసుకోండి. కత్తెర రెండు రేకులూ కుడిచెయ్యి నొక్కే తీరుకి ఒకదానికొకటి ఒరుసుకునేలా బిగించి ఉంటాయి. ఎడం చేత్తో పడితే అదే నొక్కుకి రేకులు విడిపోతాయి. బట్ట తెగదు, నలుగుతుంది. పైగా ఎక్కడ కత్తిరిస్తున్నామో గీత కనపడకుండా పై రేకు అడ్డం వస్తుంది. చిన్నప్పుడు కుట్టు నేర్పించిన ఆవిడ నన్ను చూసి, “నీకు కత్తెర అచ్చిరాదే అమ్మాయ్” అనేది. ఆమధ్య మనవరాలి కోసం బీసెంట్ రోడ్డులో ఎడంచేతి కత్తెర అడిగితే షాపతను, “కత్తెరకి కూడా కుడీ ఎడమా ఉంటాయా అండీ?” అన్నాడు. ఆన్‌లైన్‌లో తెప్పించాం. దాంతో రంగు కాగితం కత్తిరించి చూశాను, అరవై దాటాక మొదటిసారి. గీత మీదే తెగింది! పిల్లకిచ్చేముందు ఇంకో రెండు కాగితాలు నేనే కత్తిరించేశాను.

మన కత్తిపీట గొప్పది సుమండీ. కాలితో తొక్కిపట్టి, వంకాయని రెండు చేతులతో పట్టుకుని కత్తి మీదికి తోస్తాం. దానికి కుడీ ఎడమా పట్టింపు లేదు. పీలర్లూ స్లైసర్లూ వచ్చాకే నాకు వంటింట్లో తిప్పలు మొదలయ్యాయి. పరీక్ష హాళ్లలో, కోచింగ్ సెంటర్లలో వేసే కుర్చీలు ఇంకా అన్యాయం. రాసుకునే చెక్క కుడి పక్కనే ఉంటుంది. ఎడం చేత్తో రాసే పిల్లలు మూడు గంటలు నడుం మెలితిప్పి కూర్చుని రాయాలి. బెజవాడలో వీధికో కోచింగ్ సెంటరుంది. ప్రపంచం మొత్తం మీద ఎడంచేతివాళ్లు వందకి పదిమంది దాకా ఉంటారు. ఇరవై లక్షల మందికి పైగా వివరాలు కలిపి 2020లో తేల్చిన లెక్క 10.6 శాతం. ఆ లెక్కన వంద కుర్చీలున్న హాల్లో ఎడం పక్క చెక్క ఉన్నవి ఓ పది ఉండాలి. ఎక్కడైనా ఒక్కటి చూశారా? మా ఊళ్లో వామపక్షాలకి ఆఫీసులున్నాయి, ఎడంచేతివాళ్లకి కుర్చీ లేదు.

ఓటు వేసేటప్పుడు సిరా చుక్క పెట్టేది ఎడం చూపుడువేలికే. ఆ తడి వేలితోనే వెళ్లి మీట నొక్కాలి నాలాంటివాళ్లు. ఆ ఒక్క రోజు మాత్రం ప్రభుత్వం మా వేలిని గుర్తుపెట్టుకుంటుందని మా ఆయన వేళాకోళం చేస్తారు.

కష్టాలే చెప్తున్నాను గానీ సుఖాలూ ఉన్నాయి. కుడిచేతికి దెబ్బ తగిలి కట్టు కట్టినప్పుడు ఇంట్లో పని ఆగలేదు. ఒక చేత్తో ఫోన్‌లో మాట్లాడుతూ రెండో చేత్తో రాసుకోవడం నాకు ఆట. ఇక ఆటలంటారా, బ్యాడ్మింటన్లో మన గుత్తా జ్వాల ఎడంచేతి దెబ్బకి అవతలివాళ్లు తికమకపడటం టీవీలో చూసి ఎన్నిసార్లు చప్పట్లు కొట్టానో. 2011 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆవిడా అశ్విని పొన్నప్పా కాంస్యం గెలిచారు. ఒకరిది ఎడం చెయ్యి, ఒకరిది కుడి. ఎదుటివాళ్లకి రోజూ తొమ్మిది మంది కుడిచేతివాళ్లతో ఆడి అలవాటు. పదోవాళ్ల దెబ్బ ఎటు నుంచి వస్తుందో లెక్క తేలదు. మాకు అందరూ కుడిచేతివాళ్లే కాబట్టి ఆ అయోమయం లేదు.

పనులు నేర్చుకోవడంలో ఒక కిటుకు నాకు నేనే కనిపెట్టాను. పిల్లలకి ఎడంచేతివాటం ఉంటే పక్కన కూర్చోబెట్టి నేర్పకండి, ఎదురుగా కూర్చోబెట్టి నేర్పండి. నేను పూలు కట్టడం అలాగే నేర్చుకున్నాను. అమ్మ పక్కన కూర్చున్నన్నాళ్లూ దారం చిక్కుపడేది. ఒకరోజు ఎదురుగా కూర్చుంటే అమ్మ కుడిచెయ్యి అద్దంలోలాగా నా ఎడం చెయ్యి అయింది. కాసేపటికి మూర కట్టేశాను. అల్లిక, ముగ్గు, చెప్పుల బకిల్స్, ఏదైనా అంతే.

మళ్లీ అక్షరాభ్యాసం దగ్గరికి వస్తాను. మూలా నక్షత్రం రోజు కొండ మీద అమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో ఉంటుంది. ఆ రోజు రద్దీకి చంటిపిల్లతో కొండెక్కడం మా వల్ల కాదు. పంతులుగారిని ఇంటికే పిలిచాం. అంతకు వారం ముందు నుంచి ఇంట్లో వాదనలు. మా అల్లుడు ఫోన్‌లో ఏదో చూసి, ఎడంచేతివాళ్లు తొమ్మిదేళ్లు ముందే పోతారట అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ కబురు కొత్తది కాదు. 1991లో ఇద్దరు పరిశోధకులు దక్షిణ కాలిఫోర్నియాలో చనిపోయిన సుమారు వెయ్యి మంది వివరాలు తీసి, కుడిచేతివాళ్లు సగటున 75 ఏళ్లకీ, ఎడంచేతివాళ్లు 66 ఏళ్లకీ పోయారని రాశారు. పేపర్లన్నీ వేశాయి. అందులో పప్పులో కాలేసింది ఎక్కడో తర్వాత మిగతా శాస్త్రవేత్తలు చూపించారు. పాతతరం వాళ్లలో ఎడంచేతివాళ్లని చిన్నప్పుడే కొట్టి కుడికి మార్చేశారు కదా. కాబట్టి ముసలివాళ్ల లెక్కలో ఎడంచేతివాళ్లే తక్కువ కనపడతారు. చిన్న వయసువాళ్లలో ఎక్కువ కనపడతారు. ఆ లెక్కలో సగటు తగ్గక ఏమవుతుంది? “నన్నే చూడండి అల్లుడుగారూ, రేపు నేను పోతే కుడిచేతి ఖాతాలో రాస్తారు” అన్నాను. అతను నవ్వి ఊరుకున్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాను అతనికి. ఉత్తర ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్‌లో ఒక పరిశోధన జరిగింది. కడుపులో ఉండగా స్కానింగ్‌లో ఏ బొటనవేలు చప్పరిస్తున్నారో చూసిన పిల్లల్ని, పది పన్నెండేళ్లు వచ్చాక మళ్లీ చూశారు. కుడివేలు చప్పరించిన 60 మందీ కుడిచేతివాళ్లే అయ్యారు. ఎడంవేలు చప్పరించిన 15 మందిలో పదిమంది ఎడంచేతివాళ్లయ్యారు. పలకా బలపం చూడకముందు, మనం వద్దనకముందు, తల్లి కడుపులోనే చాలావరకు తేలిపోయిన సంగతిది. దీన్ని మనం అలవాటు అంటున్నాం.

పంతులుగారు వచ్చారు. పళ్లెంలో బియ్యం పోసి, పిల్ల కుడిచెయ్యి పట్టుకుని ఓంకారం రాయించారు. ఆయన చెయ్యి వదలగానే మా పిల్ల ఎడం చెయ్యి బియ్యంలో పెట్టి, ఆ గీతల మీదే తనూ గిరగిరా తిప్పేసింది. వియ్యపురాలు చప్పున వంగి ఆ చెయ్యి పట్టుకోబోయారు. పంతులుగారు, “రాసుకోనివ్వండమ్మా, సవ్యసాచి తపస్సు చేసిన ఊరు మనది” అన్నారు.

ఆయన తేలిగ్గానే అన్నారు గానీ ఆ మాట నన్ను పట్టుకుంది. అర్జునుడు ఈ ఇంద్రకీలాద్రి మీదే తపస్సు చేసి పాశుపతం సంపాదించాడనీ, విజయుడి పేరుతోనే ఊరు విజయవాడ అయిందనీ స్థలపురాణం. రెండు చేతులతోనూ బాణం వేస్తాడు కాబట్టి ఆయన సవ్యసాచి. 2018లో నాగచైతన్య సినిమా కూడా వచ్చింది ఆ పేరుతో. అందులో హీరో ఎడం చెయ్యి అతని మాట వినదు. అయితే సంస్కృతంలో ‘సవ్య’ అంటే అసలు అర్థం ఎడమ. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, పితృకార్యాలకి కుడి భుజం మీదకి మారిస్తే అపసవ్యం. ఆ మాటే తెలుగులోకొచ్చి ‘సవ్యంగా’ అంటే సరిగ్గా అని అయింది. అంటే, “ఆ చెయ్యి మాని సవ్యంగా రాయవే” అని మాస్టారు నన్ను కొట్టినప్పుడల్లా, మాట ప్రకారం ఆయన చెయ్యమన్నది నేను చేస్తున్నదే! ఎంత ఆలస్యంగా తెలిసింది.

‘వామ’ అన్న మాట కూడా అంతే, ఎడమ అనీ అందమైన అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. అర్ధనారీశ్వరుడిలో అమ్మవారిది ఎడమ సగమే. మాటలదాకా ఎందుకు, నది సంగతి చూడండి. పారే దిక్కుకి ముఖం పెట్టి చూస్తే బెజవాడ కృష్ణకి ఎడమ గట్టున ఉంది. మా భవానీపురమూ ఎడమ గట్టే. సాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం నాకొద్దని అన్నవాడు ఈ జిల్లాలో పుట్టలేదు.

ఇప్పుడు మా పిల్ల ఎడం చేత్తోనే రాస్తోంది. స్కెచ్ పెన్నుతో రాస్తే అరచేతి అంచు నీలంగానో ఎర్రగానో ఉంటుంది. తలకట్టు పెట్టడం దానికి కొంచెం కష్టం, కుడిచేతివాళ్లు లాగే గీతని అది తోయాలి. కాగితం కాస్త ఏటవాలుగా పెట్టి, పెన్సిల్ కొంచెం పైకి పట్టుకోమంటే తేలికయింది. బళ్లో బెంచీకి ఎడమ కొసన కూర్చోబెట్టమని మా అమ్మాయి వెళ్లి టీచర్‌తో చెప్పింది. టీచర్ వెంటనే సరేనంది. ఇవి అరవై ఏళ్ల కిందట కూడా చెయ్యగలిగిన పనులే.

అన్నం విషయం ఇంకా తేలలేదు. రాత ఏ చేత్తో రాసినా ఫరవాలేదు, అన్నం మాత్రం కుడిచేత్తో తినాలని మా అమ్మాయి అంటుంది. చాలామంది ఇళ్లలో ఇదే రాజీ. నాకు పూర్తిగా నచ్చలేదు, అలాగని గట్టిగా కాదనలేను కూడా. రేపు నలుగురిలో ముద్ద ముద్దకీ ఒకళ్లు చూస్తుంటే తినేది ఆ పిల్లే కదా. ప్రస్తుతానికి పెరుగన్నం కుడిచేత్తో, ఇష్టమైనవన్నీ ఎడం చేత్తో తింటోంది.

మొన్న కార్తీకంలో రెండు కుటుంబాలం కలిసి భవానీ ద్వీపానికి వనభోజనాలకి వెళ్లాం. బంతి వేశారు. పిల్లని ఎడమ కొసన కూర్చోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. పులిహోర వడ్డించగానే దాని ఎడం చెయ్యి విస్తట్లోకి వెళ్లింది. నేను ఏమీ అనలేదు. నీళ్లు పోస్తూ వచ్చిన మా వియ్యపురాలు ఒక్క క్షణం ఆగారు. అందరికీ గ్లాసు ఎడమ పక్కన పెడుతూ వచ్చిన మనిషి, దాని దగ్గర మాత్రం కుడి పక్కన పెట్టి, పోసి, ముందుకెళ్లిపోయారు.